ఉడుకునీటి గుండాలు: ఒంటికి హాయి, రోగానికి మందు కాదు

కార్తీకమాసం వచ్చిందంటే మన వైపు యాత్రల సందడి మొదలవుతుంది. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల నుంచి ఇరవై ముప్ఫైమంది కలిసి ఒక బస్సు మాట్లాడుకుంటారు. దారి తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని తెల్లవారుజామున బయలుదేరి, చూడవలసినవి చూసి, రాత్రికి ఇల్లు చేరుతారు. అలా వెళ్ళే చోట ఉడుకునీటి గుండం ఉందంటే పెద్దవాళ్ళకు మరీ ఉత్సాహం. వెళ్ళేముందో, వెళ్ళివచ్చాకో దవాఖానకు వచ్చి అడిగే ప్రశ్నలు సాధారణంగా రెండు.

"సార్, ఆ నీళ్ళల్ల తానం చేస్తే మోకాళ్ళ నొప్పులు పోతయట, నిజమేనా?"

"ఒంటి మీద మచ్చలు పోతయంటున్నరు. మందులు బంద్ చెయ్యొచ్చా?"

మొదటి ప్రశ్నకు జవాబు: కొంతవరకు నిజమే, కొద్దికాలం మాత్రమే. రెండవ ప్రశ్నకు జవాబు: ఎంతమాత్రం చేయకూడదు. ఈ రెండు జవాబులకూ కారణాలు తెలుసుకుంటే యాత్ర హాయిగా సాగుతుంది. తెలియకపోతే కాలికో, ప్రాణానికో ముప్పు వచ్చే సందర్భాలున్నాయి.

నేలలో ఈ వేడి ఎక్కడిది?

మనకు దగ్గరలో పేరున్న ఉడుకునీటి క్షేత్రం ఉనకేశ్వర్. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా కిన్వట్ ప్రాంతంలో, పెన్‌గంగ తీరాన ఉంది. నిర్మల్ దాటి, ఘాటు రోడ్డెక్కి, ఆదిలాబాదు మీదుగా వెళ్ళవచ్చు. శరభంగ మహర్షి రోగం పోగొట్టడానికి శ్రీరాముడు బాణం వేసి భూమిలోనుంచి వేడినీరు రప్పించాడని అక్కడ చెప్పుకుంటారు. చర్మరోగాలున్నవారు ఆ నీటిని వెతుక్కుంటూ వెళ్ళడానికి ఈ నమ్మకమే మూలం. మన గోదావరి తీరంలో కూడా వేడినీరు ఉంది. భద్రాచలం దగ్గర గుండాలలో ఇసుకలో గుంట తీస్తే వెచ్చని నీరు ఊరుతుంది. మణుగూరు ప్రాంతంలో బోర్లలోనుంచి వేడినీరు తనంతట తానే పైకి ఉబుకుతుంది.

ఈ ప్రయాణంలో మరొక వింత కూడా కనబడుతుంది. మెట్‌పల్లి చుట్టుపక్కల మన గుట్టలు గ్రానైటు రాతివి. గోదావరి దాటి నిర్మల్ ఘాటు ఎక్కి ఆదిలాబాదు వైపు పోయేకొద్దీ నల్లరాయి, నల్లరేగడి నేల మొదలవుతాయి. ఆ నల్లరాయి ఒకప్పుడు నిప్పులా పారిన లావా. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం భూమి పగుళ్ళలోనుంచి పొంగి, పొరమీద పొరగా పరచుకుని, దక్కను పీఠభూమిలో ఎక్కువభాగాన్ని కప్పివేసింది. మహారాష్ట్ర అంతా చాలావరకు ఆ రాయే. మన పత్తి పండే నల్లరేగడి ఆ రాయి అరిగి ఏర్పడినదే.

అయితే గుండంలో నీరు వేడెక్కడానికి ఆ పాత లావా కారణం కాదు. అది ఏనాడో చల్లారిపోయింది. భూమిలోపలికి పోయేకొద్దీ ప్రతి కిలోమీటరుకు ఇంచుమించు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. వాననీరు రాతి పగుళ్ళలోనుంచి బాగా లోతుకు దిగి, అక్కడ కాగి, మరొక పగులు దొరికినచోట పైకి వస్తుంది. దారిలో రాళ్ళలోని లవణాలను, గంధకాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుని వస్తుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చేది అందుకే. మన దేశంలో ఇప్పటికీ సజీవంగా ఉన్న అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపం ఒక్కటే.

వేడినీరు ఒంటికి ఏం చేస్తుంది?

మెడవరకు వేడినీటిలో కూర్చున్న మనిషి చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి. రక్తం చర్మంవైపు పరుగెత్తుతుంది. కండరాల బిగువు సడలుతుంది. నీటిలో శరీరం బరువు తేలికవడం వల్ల కీళ్ళమీద భారం తగ్గుతుంది. రోజంతా ముందుకు వంగి బీడీలు చుట్టే ఆడవాళ్ళ నడుముకు, గంటల తరబడి సాంచాల ముందు నిలబడే సిరిసిల్ల కార్మికుల పిక్కలకు ఈ స్నానం హాయి అనిపించడంలో ఆశ్చర్యం లేదు. అరిగిన మోకాళ్ళకూ కొన్ని గంటలపాటు, ఒక్కొక్కప్పుడు కొన్ని రోజులపాటు ఉపశమనం ఉంటుంది. కానీ అరిగిన ఎముక తిరిగి పెరగదు. బరువు తగ్గడం, తొడ కండరాలకు వ్యాయామం, కూర్చునే తీరు మార్చుకోవడం, వీటికి బదులుగా ఏ గుండమూ పనికిరాదు.

ఇదే వేడికి రెండవ ముఖం ఉంది. రక్తనాళాలు వెడల్పయినప్పుడు రక్తపోటు పడిపోతుంది. దాన్ని సరిచేయడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. చెమట రూపంలో నీరు పోతుంది. అప్పుడు ఒక్కసారిగా లేచి నిలబడితే మెదడుకు రక్తం చాలక కళ్ళు తిరుగుతాయి. తడిసిన రాతిమెట్టు మీద కళ్ళు తిరిగితే తుంటి ఎముక విరగవచ్చు. నీటిలోనే స్పృహ తప్పితే మోకాలిలోతు నీళ్ళయినా చాలు, మునిగిపోవడానికి.

జపాన్ వారు నేర్పే పాఠం

వేడినీటి స్నానాన్ని ఒక సంస్కృతిగా మలచుకున్న దేశం జపాన్. అక్కడ నూటికి పైగా సజీవ అగ్నిపర్వతాలున్నాయి, వేల సంఖ్యలో ఉడుకునీటి ఊటలున్నాయి. ఆ ఊటలను వారు 'ఓన్సెన్' అంటారు. 1948లో ఒక చట్టం చేసి, భూమిలోనుంచి వచ్చే నీరు 25 డిగ్రీల వేడి అయినా ఉండాలి, లేదా నిర్ణయించిన ఖనిజాలైనా ఉండాలి, అప్పుడే ఓన్సెన్ అనాలని నిర్వచించారు. టోకియో నుంచి హకోనే అనే కొండప్రాంతానికి ఒక్కరోజు యాత్రలు నడుస్తాయి. పొగలు కక్కే ఓవాకుదాని లోయ చూపించి, ఆ గంధకపు నీటిలో ఉడికించిన నల్లపెంకు కోడిగుడ్లు తినిపించి, సాయంత్రం ఓన్సెన్‌లో స్నానం చేయించి తీసుకువస్తారు. ఒక గుడ్డు తింటే ఏడేళ్ళ ఆయుష్షు పెరుగుతుందని అక్కడి సరదా మాట. ఆ నలుపు ఇనుము, గంధకం కలవడం వల్ల వచ్చిందే తప్ప ఆయుష్షుతో దానికి సంబంధం లేదు. జపాన్‌లో ఉద్యోగాలు చేసే పిల్లల దగ్గరకు వెళ్ళే మన తల్లిదండ్రులకు కూడా ఈ యాత్ర తటస్థపడుతుంది కాబట్టి ఈ సంగతులు చెబుతున్నాను.

వారినుంచి నేర్చుకోవలసినది ముఖ్యంగా శుభ్రత. జపాన్‌లో ఎవరూ నేరుగా తొట్టిలోకి దిగరు. ముందు విడిగా చిన్న పీట మీద కూర్చుని, సబ్బుతో ఒళ్ళంతా తోముకుని, నురగ పూర్తిగా పోయేలా కడుక్కుంటారు. ఆ తరువాతే తొట్టిలో దిగుతారు. తుండుగుడ్డను నీటిలో ముంచరు. తొట్టి నానడానికే గానీ మురికి వదిలించుకోవడానికి కాదని వారి నియమం. మనవాళ్ళు నూనె రాసుకుని గుండంలోనే సబ్బు రుద్దుకుంటారు, అక్కడే బట్టలు పిండుతారు, అదే నీటిని తీర్థమని పుక్కిలిస్తారు. గజ్జి, తామర, కండ్లకలక, విరేచనాలు ఒకరినుంచి ఒకరికి అంటుకోవడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు.

అంత అలవాటున్న జపాన్‌లో కూడా ప్రమాదాలు లేకపోలేదు. ఇళ్ళలోని స్నానపు తొట్లలో మునిగి ఏటా నాలుగువేలమందికి పైగా వృద్ధులు చనిపోతున్నారు. ఎక్కువగా చలికాలంలోనే. అందుకని నీటి వేడి 41 డిగ్రీలకు మించనీయవద్దని, పది నిమిషాలకు మించి ఉండవద్దని, స్నానానికి వెళుతున్నట్టు ఇంట్లోవాళ్ళకు చెప్పి వెళ్ళమని, తాగినప్పుడు, తిన్న వెంటనే దిగవద్దని అక్కడి ప్రభుత్వమే ప్రజలకు చెబుతోంది. అసో అనే అగ్నిపర్వతం ముఖద్వారం దగ్గరకు ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు రాకూడదని నిబంధన ఉంది. అక్కడి గంధకపు వాయువులు వారి ఊపిరిని ఆపివేయగలవు.

మచ్చలు, గజ్జి, కుష్ఠు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గంధకపు నీటికి చర్మరోగాలు పోతాయన్న నమ్మకం మనకొక్కరికే లేదు. జపాన్‌లో కుసత్సు అనే ఊరుంది. అక్కడి నీరు నిమ్మరసంతో పోల్చదగినంత ఆమ్లం. ఊటలో మరీ వేడిగా ఉండే ఆ నీటిని పొడుగాటి చెక్కలతో కలియబెట్టి చల్లార్చి వాడుకోవడం ఆ ఊరి ఆచారం. 1876లో టోకియోకు వైద్యం బోధించడానికి వచ్చిన బేల్జ్ అనే జర్మన్ డాక్టరు ఆ ఊటలను ఎంతో మెచ్చుకున్నాడు. అక్కడికి కుష్ఠురోగులు వచ్చి చేరి, ఒక పేటే ఏర్పడింది. వారు ఏళ్ళతరబడి ఆ నీటిలో స్నానం చేశారు. రోగం నయం కాలేదు. 1932లో ఆ ఊరిలోనే ప్రభుత్వం వారికి ఆశ్రమం పెట్టి, జనానికి దూరంగా ఉంచింది. రోగులను వెలివేసే ఆ చట్టం 1996లో గానీ రద్దు కాలేదు.

మన పక్కనున్న నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లి చరిత్ర కూడా చూడండి. 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ అనే మిషనరీ వైద్యురాలు అక్కడ కుష్ఠురోగులకు ఆస్పత్రి ప్రారంభించింది. ఆ రోజుల్లో ఉన్న మందల్లా చాల్‌ముగ్రా జాతి గింజల నూనె. దాన్ని సూదిమందుగా ఇచ్చేవారు. సరైన మందు కోసం ప్రపంచమంతా మరికొన్ని దశాబ్దాలు ఎదురుచూడవలసి వచ్చింది. 1940 తరువాత సల్ఫోను మందులు వచ్చాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి వాడే చికిత్సను సిఫారసు చేసింది. ఊటలు వందల ఏళ్ళు చేయలేని పనిని ఆ బిళ్ళలు నెలలలో చేశాయి.

ఈనాడు ఆ బిళ్ళలు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా ఉచితం. మచ్చలు కొద్దిగా ఉంటే 6 నెలలు, ఎక్కువ ఉంటే 12 నెలలు. వాడడం మొదలుపెట్టిన కొద్దిరోజులకే రోగం ఇతరులకు అంటడం ఆగిపోతుంది. కనుక స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చో, ఎర్రని మచ్చో ఉంటే ముందు దవాఖానకు రండి. మందు తింటూ యాత్రకు వెళ్ళండి, ఎవరూ కాదనరు. యాత్ర చేశామని మందు మానితే మాత్రం వేళ్ళు వంకరపోవడం, కంటిరెప్ప మూతపడకపోవడం వంటి అంగవైకల్యం వస్తుంది. వచ్చిన వైకల్యాన్ని బిళ్ళలు వెనక్కి తేలేవు.

గజ్జి సంగతి కూడా ఇంతే. గంధకం గజ్జి పురుగును చంపుతుందన్నది నిజం. కానీ మందు లేపనంలో నూటికి 5 నుంచి 10 పాళ్ళు గంధకం ఉంటుంది. గుండం నీటిలో ఉండేది అతి స్వల్పం. గజ్జికి పెర్మెత్రిన్ లేపనం రాత్రి మెడనుంచి పాదాలదాకా రాసుకుని, ఇంటిల్లిపాదీ అదే రోజు వాడి, బట్టలు, పక్కలు ఉడుకునీళ్ళలో ఉతకాలి. వారానికి మరొకసారి రాసుకోవాలి. ఒక్కరు రాసుకుని మిగతావాళ్ళు మానేస్తే గజ్జి ఇంట్లోనే తిరుగుతూ ఉంటుంది.

స్పర్శ లేని పాదం

నా దగ్గరకు వచ్చిన రోగులలో ఒకామె వయసు యాభై దాటింది. బీడీలు చేస్తుంది. పదేళ్ళుగా షుగరు ఉంది. యాత్రలో అందరితోపాటు వేడినీటిలో కాళ్ళు పెట్టి కూర్చుంది. పక్కవాళ్ళు "కాలుతుంది" అని తీసేసినా ఆమె తీయలేదు. "నాకేం కాలలేదు సార్, మంచిగనే అనిపించింది" అన్నది. మర్నాటికి రెండు అరికాళ్ళు బొబ్బలెక్కాయి. నాలుగు రోజులు పసుపు రాసుకుని ఇంట్లోనే ఉంది. నా దగ్గరకు వచ్చేసరికి చీము పట్టింది. చివరకు ఎడమకాలి రెండు వేళ్ళు తీసివేయవలసి వచ్చింది.

ఆమెకు కాలలేదనడం అబద్ధం కాదు. తెలియలేదు, అంతే. షుగరు వ్యాధి ఏళ్ళు గడిచేకొద్దీ పాదాల నరాలను దెబ్బతీస్తుంది. కుష్ఠు కూడా నరాలనే దెబ్బతీస్తుంది. నొప్పి అనేది మనకు శత్రువులా కనబడుతుంది గానీ, నిజానికి అది కావలివాడు. కావలివాడు లేని ఇంట్లో దొంగ పడినట్టే, స్పర్శ లేని పాదాన్ని వేడి కాల్చివేస్తుంది. 49 డిగ్రీల నీటిలో పది నిమిషాలు ఉంటే చర్మం లోతుగా కాలుతుంది. 60 డిగ్రీలైతే అయిదు సెకండ్లు చాలు. ఆరోగ్యవంతుడు ఈలోగా కాలు తీసేస్తాడు. షుగరు రోగి తీయకపోవచ్చు.

కనుక యాత్రకు ముందు ఇంట్లోనే ఈ చిన్న పరీక్ష చేసుకోండి. రోగిని కళ్ళు మూసుకుని పడుకోమనండి. మరొకరు వేలికొసతో బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు చివర్లను మెల్లగా ఒక్క క్షణం తాకాలి. నొక్కకూడదు, గోకకూడదు. రెండు పాదాలకు కలిపి ఆరు చోట్లు. తాకినప్పుడల్లా "కుడి", "ఎడమ" అని చెప్పాలి. రెండుగానీ అంతకంటే ఎక్కువగానీ చోట్ల తెలియకపోతే ఆ పాదాలకు స్పర్శ తగ్గినట్టే. అలాంటివారు వేడినీటిలో కాళ్ళు పెట్టనే కూడదు. ఇంట్లో వేడినీళ్ళ కాపడం, వేడి ఇటుక, రబ్బరు సంచీ కూడా వద్దు.

ఎవరు దిగకూడదు?

1. ఈమధ్య గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చినవారు, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేవారు.

2. రక్తపోటు అదుపులో లేనివారు. బి.పి.కి, గుండెనొప్పికి, ప్రోస్టేటు గ్రంథికి బిళ్ళలు వాడేవారు డాక్టరును అడిగి వెళ్ళాలి. ఆ మందులు, వేడి కలిసి రక్తపోటును బాగా దించివేస్తాయి.

3. గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలలలో. తల్లి ఒంటివేడి 39 డిగ్రీలు దాటితే బిడ్డ వెన్ను, మెదడు ఏర్పడడంలో లోపాలు రావచ్చు.

4. మూర్ఛరోగం ఉన్నవారు, చిన్నపిల్లలు. పిల్లల శరీరం పెద్దవాళ్ళకంటే త్వరగా వేడెక్కుతుంది.

5. జ్వరం, విరేచనాలు, మానని పుండ్లు ఉన్నవారు. వీరు దిగితే వారికీ చెరుపే, తోటివారికీ చెరుపే.

6. బోదకాలు ఉన్నవారు. వేడికి వాపు పెరుగుతుంది. వారికి మంచిది రోజూ మామూలు నీళ్ళతో, సబ్బుతో కాలు మెల్లగా కడిగి, వేళ్ళ సందులు ఆరబెట్టుకోవడం.

7. కల్లు గానీ సారా గానీ తాగినవారు. వేడి, మత్తు రెండూ రక్తపోటును దించేవే.

ఇన్సులిన్ తీసుకునేవారికి ఇంకొక మాట. వేడికి ఇన్సులిన్ రక్తంలోకి త్వరగా చేరి షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గాబరా కనబడితే వెంటనే బయటకు వచ్చి చక్కెర నోట్లో వేసుకోవాలి.

దిగేవారికి నియమాలు

తిన్న గంటన్నర తరువాతే దిగండి. ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు తాగండి. విడిగా సబ్బుతో స్నానం చేశాకే గుండంలోకి వెళ్ళండి. మొదట మోచేతితో వేడి చూడండి. మోచేతికి గోరువెచ్చగా, సుఖంగా ఉంటేనే సరి. స్పర్శ తగ్గినవారి చేయి నమ్మవద్దు, మరొకరు చూడాలి. పాదాలు, మోకాళ్ళు, నడుము అంటూ మెల్లగా దిగండి. అయిదు నిమిషాలు మొదలు, పది నిమిషాలు గరిష్ఠం. లేచేటప్పుడు గట్టుమీద ఒక నిమిషం కూర్చుని, ఒకరి చేయి పట్టుకుని లేవండి. ఒంటరిగా దిగవద్దు.

తలతో మునగవద్దు. తప్పనిసరి అనుకుంటే ముక్కు గట్టిగా మూసుకుని మునగండి. నిలవున్న వెచ్చని మంచినీటిలో ఒకరకమైన అమీబా ఉండవచ్చు. నీరు ముక్కులోకి పోయినప్పుడు అది మెదడుకు పాకుతుంది. అరుదైనదే గానీ, సోకితే బతకడం కష్టం. 2024, 2025 సంవత్సరాలలో కేరళలో ఇటువంటి కేసులు బయటపడ్డాయి. స్నానం చేసిన కొద్దిరోజులలో తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ పట్టివేయడం కనబడితే ఆలస్యం చేయక ఆస్పత్రికి వెళ్ళి, ఎక్కడ స్నానం చేసిందీ డాక్టరుకు చెప్పాలి. గుండం నీటిని తాగవద్దు, సీసాలలో పట్టుకుని వచ్చి పిల్లలకు పోయవద్దు.

ఇంట్లోనే గుండం

యాత్రకు వెళ్ళలేనివారు విచారించనక్కరలేదు. నడుమునొప్పికి, మోకాళ్ళనొప్పికి పనిచేసేది వేడే కాబట్టి ఆ వేడి ఇంట్లోనే దొరుకుతుంది. వేడినీళ్ళకు చన్నీళ్ళు తోడన్న సామెత ఇక్కడ అక్షరాలా పనికివస్తుంది. ముందు బకెట్టులో అయిదు చెంబుల చన్నీళ్ళు పోసి, తరువాత ఒక చెంబు మరిగిన నీళ్ళు కలపండి. ఇంచుమించు 40 డిగ్రీల వేడి వస్తుంది. చలికాలంలో నీళ్ళు బాగా చల్లగా ఉన్నప్పుడు మూడు చెంబులకు ఒక చెంబు చాలు. ఎప్పుడూ చన్నీళ్ళే ముందు పోయాలి. వేడినీళ్ళు ముందు పోసిన బకెట్టులో పడి కాలిన పిల్లలు ఎందరో. పది పదిహేను నిమిషాలు ఆ నీటిలో కాళ్ళు ఉంచడమో, తువాలు ముంచి నడుముకు కాపడం పెట్టడమో చేసి, తరువాత మెల్లగా కాళ్ళు చాచి ముడిచే వ్యాయామం చేస్తే ఉపశమనం ఎక్కువసేపు నిలుస్తుంది. పాదాలకు స్పర్శ తగ్గినవారికి ఇది కూడా వద్దని మరొకసారి గుర్తుచేస్తున్నాను.

గుండానికి వెళ్ళండి. దేవుడికి దండం పెట్టుకోండి. దారిలో నల్లరాళ్ళను పిల్లలకు చూపించి, అవి ఒకప్పుడు నిప్పులా పారాయని చెప్పండి. సంచీలో బట్టలతోపాటు మందుల డబ్బా కూడా సర్దుకోండి. ఏ పూట బిళ్ళ ఆ పూట వేసుకోండి.